రెండు బండ్లు కలిసే స్టేషన్‌లో జనం ఎక్కడ ఆగుతున్నారు? పాలమూరు లైనులో ఒక కేస్ స్టడీ

సింగిల్ లైన్ మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తుంటే ఏదో ఒక స్టేషన్‌లో ఒకటి ఆగి రెండోదానికి దారివ్వాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. రైళ్ల రాకపోకలు నడిపించే కంట్రోల్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు అది రెండు బండ్ల లెక్క. స్టేషన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం ఆ పది నిమిషాలు వేరు. రెండు బండ్లు దిగేవాళ్లు, రెండు బండ్లు ఎక్కేవాళ్లు అందరూ ఒకే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద ఎదురుపడతారు. ఆ కాసేపట్లో తోపులాట తగ్గించడానికి మేం ఏం చేశామో, ఏ వరుసలో చేశామో, ఇంకా ఏం మిగిలిందో ఇక్కడ రాస్తున్నాను.

స్టేషన్లలో, బస్టాండ్లలో జనం నడక మీద పని చేయడం నా వృత్తి. ఏ నిమిషంలో ఎంతమంది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు, వాళ్లకు ఏది అడ్డం వస్తోంది అని చూస్తాను. పెద్ద నగరాల్లో ఈ పనికి డబ్బు, మనుషులు, కంప్యూటర్ మోడళ్లు అన్నీ దొరుకుతాయి. మా పాలమూరు లాంటి చోట ఇవేవీ ఉండవు. అయినా జనానికి తగిలే దెబ్బ ఒకటే కాబట్టి ఈ పని నాకు మనసుకు దగ్గరైంది.

స్టేషన్ పేరు రాయడం లేదు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబ్లింగ్ (రెండో లైన్ వేయడం), విద్యుదీకరణ పూర్తయ్యాక 2023 ఏప్రిల్ 8న ప్రధాని ఆ లైన్‌ను జాతికి అంకితం చేశారు. అక్కడి నుంచి డోన్ దాకా డబ్లింగ్‌కు అదే ఏడాది ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. నేను చెబుతున్న పని జరిగింది మహబూబ్‌నగర్‌కు దక్షిణాన, ఇంకా సింగిల్ లైన్‌గానే ఉన్న భాగంలో. పైభాగం డబుల్ అయ్యాక అక్కడ క్రాసింగుల బాధ పోయింది. కింది భాగంలో మాత్రం పొద్దున పట్నం పోయే ప్యాసింజరూ, కర్నూలు వైపు పోయే బండీ కలవాల్సిందే. ఆ కలిసే చోటు మా స్టేషన్.

ఎవరు వస్తారు, ఎటు పోతారు

పట్నం వైపు బండికి వచ్చేవాళ్లలో సగం మంది కుర్రవాళ్లే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో షిఫ్టులకు పోయేవాళ్లు, మహబూబ్‌నగర్‌లో కాలేజీలకు, పాలమూరు యూనివర్సిటీకి పోయే విద్యార్థులు ఉంటారు. జిల్లా ఆసుపత్రికి పోయే పెద్దవాళ్లు, కలెక్టరేట్‌లో పని ఉన్నవాళ్లు వీళ్లతో కలుస్తారు. ఎదురు బండి నుంచి దిగేవాళ్లు వేరే రకం. మహబూబ్‌నగర్‌లో కాపురం ఉండి ఇటు పల్లెల్లో బడులకు వచ్చే టీచర్లు, పూణె, ముంబై పనుల నుంచి మూటలతో తిరిగొచ్చే కూలీలు. వీళ్లు కాక మూడో రకం ఒకటి ఉంది. ఎక్స్‌ప్రెస్ ఆగని చిన్న హాల్టులకు పోవాల్సినవాళ్లు ఇక్కడ ఎక్స్‌ప్రెస్ దిగి ప్యాసింజర్ పట్టుకుంటారు. వీళ్లు స్టేషన్ బయటికే రారు కాబట్టి టికెట్ల లెక్కలో కనిపించరు, మెట్ల మీద మాత్రం ఉంటారు.

బుకింగ్ కౌంటర్, బస్సులు ఆగే చోటు, ఆటోలు అన్నీ ఒకటో ప్లాట్‌ఫారం వైపే. రెండు, మూడు ప్లాట్‌ఫారాలు పట్టాల అవతల ఉన్నాయి. వాటిని కలిపే బ్రిడ్జి ఒక్కటే, అదీ ప్లాట్‌ఫారం మధ్యలో కాకుండా ఒక చివర. బ్రిడ్జి ఎక్కే ఓపిక లేనివాళ్లు ప్లాట్‌ఫారం చివరి వాలు మీదుగా దిగి పట్టాలు దాటేవాళ్లు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అలా దాటితే 6 నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఆ సంగతి చాలామందికి తెలుసు. బండి కదిలిపోతుంటే సెక్షన్ నంబరు ఎవరికి గుర్తుంటుంది?

మమ్మల్ని పిలిచినప్పుడు బల్ల మీద రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, ఇంకో బ్రిడ్జి కట్టడం. రెండు, పట్టాలు దాటకుండా ప్లాట్‌ఫారం చివరన కంచె వేయడం. మొదటిది అవసరమే, కానీ మంజూరై, టెండరై, కట్టేదాకా జనం ఆగరు. రెండోది వెంటనే చేయొచ్చు. అప్పుడే వద్దని నేను గట్టిగా చెప్పాను. మెట్లు ఇప్పటికే మోయలేనంత మోస్తున్నాయి, పట్టాలు దాటేవాళ్లను కూడా తెచ్చి ఆ మెట్ల మీదే వేస్తే ప్రమాదం ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారుతుంది, అంతే. ముందు మెట్లు, ఆ తర్వాతే కంచె.

గంట లెక్కలు పనికిరావు

స్టేషన్ దగ్గర ఉండే లెక్కలు రోజుకు ఎన్ని టికెట్లు, గంటకు ఎన్ని టికెట్లు అన్నట్టు ఉంటాయి. వాటిని బట్టి చూస్తే మా స్టేషన్ ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే. గంటలో 50 నిమిషాలు నిజంగానే ఖాళీ. మిగతా 10 నిమిషాల్లోనే అంతా జరుగుతుంది. అందుకే మేం నిమిషం నిమిషానికి లెక్కపెట్టాం. ఊళ్లోని డిగ్రీ కాలేజీ విద్యార్థులు సాయం వచ్చారు. మెట్ల కింద ఇద్దరు, పైన ఇద్దరు, అవతలి ప్లాట్‌ఫారం మీద ఇద్దరు. ఎక్కేవాళ్లు ఒక గడిలో, దిగేవాళ్లు ఒక గడిలో.

దీంతోపాటు ఇంకో పని చేయించాను. ఈ మొత్తం కేసులో పనికొచ్చింది ఇదేనని నా అభిప్రాయం. స్టేషన్ పటం ఒకటి గీసి ఇచ్చి, ఒకే చోట అర నిమిషం కంటే ఎక్కువ నిలబడినవాళ్లను చుక్కలుగా పెట్టమన్నాను. నడిచేవాళ్లను లెక్కపెట్టడం అందరూ చేస్తారు, ఆగేవాళ్లను లెక్కపెట్టడం అరుదు. ఇరుకు దారిలో నడిచే మనిషి అడ్డం కాడు, ఆగిన మనిషే అడ్డం.

చుక్కలు బెంచీల దగ్గర, టీ స్టాల్ దగ్గర పడతాయనుకున్నాం. అక్కడా పడ్డాయి. కానీ అన్నిటికంటే చిక్కగా పడింది ఒకటో ప్లాట్‌ఫారం మీద, మెట్ల మొదట్లో. సరిగ్గా ఎవరూ ఆగకూడని చోట.

అది సీతాఫలాల కాలం. బాలానగర్ పేరుతో ఒక సీతాఫలం రకమే ఉన్న జిల్లా మాది. దసరా ముందు నుంచి దీపావళి దాటేదాకా గంపలు రైలెక్కి పట్నం పోతాయి, కొన్ని స్టేషన్‌లోనే అమ్ముడుపోతాయి. మెట్ల మొదట్లో నాలుగైదు గంపలు వరుసగా ఉండేవి. పటం చూడగానే ఒక అధికారి "ఇంకేం, గంపలు లేపేద్దాం" అన్నారు. చూడటానికి అది సబబే. నేను లేపే ముందు ఒకసారి మాట్లాడదామన్నాను.

గంపల వరుసలో అందరికంటే పెద్దావిడ పక్కన కూర్చుని అడిగాను. "అవ్వా, నువ్వు ఈడ కూసుంటే మెట్లకు అడ్డమైతుంది కదా, ఇంకోచోట కూసోరాదా?"

ఆమె పండు నొక్కి చూస్తూనే చెప్పింది. "నేను కూసున్నందుకు జనం ఈడ ఆగుతలేరు బిడ్డా. జనం ఈడ ఆగుతరనే నేను కూసున్న. బండి ఒకటి మీదికొస్తదో రెండు మీదికొస్తదో మైకుల చెప్పేదాంక ఎవలికి ఎర్కలేదు. అటు వోయి మల్ల ఇటు ఉరుకుడెందుకని ఈన్నే నిలబడ్తరు. నిలబడ్డోళ్లు కొంటరు."

మా సర్వే కాగితాలన్నిటిలో లేని కారణం ఆమె నోట వచ్చింది. మరుసటి రోజు నుంచి ఒక గడి అదనంగా పెట్టాం: ఏ ప్లాట్‌ఫారమో మైకులో చెప్పిన సమయం. త్వరగా చెప్పిన రోజు మెట్ల కింద చుక్కలు పలచగా ఉన్నాయి, ఆలస్యంగా చెప్పిన రోజు గుంపుగా ఉన్నాయి. గంపలు రెండు రోజులూ అక్కడే ఉన్నాయి.

ప్లాట్‌ఫారం నంబరు ఎందుకు ఆలస్యమవుతుంది

ఇది స్టేషన్ సిబ్బంది నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. క్రాసింగ్‌లో సాధారణంగా ముందు వచ్చిన బండిని మెయిన్ లైన్ పక్కన ఉండే లూప్ లైన్‌లోకి తీసుకుని నిలిపి, రెండోదానికి మెయిన్ లైన్ ఇస్తారు. ఏది ముందు వస్తుందన్నది ఆ రోజు రెండు బండ్ల ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. దాన్ని తేల్చేది కంట్రోల్ ఆఫీసులో ఆ లైను బండ్లను చూసే సెక్షన్ కంట్రోలర్. స్టేషన్ మాస్టర్‌కు ఆ మాట అందాకే పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించేవి), సిగ్నల్ అమర్చడం, ఆపైన అనౌన్స్‌మెంట్. దీనికి తోడు రాత్రి వచ్చిన గూడ్సు ఒకటి ఒకటో ప్లాట్‌ఫారం లైనులో తెల్లారేదాకా నిలబడి ఉండేది. అలాంటి రోజు పట్నం ప్యాసింజర్ అవతలికే పోవాలి. ఊళ్లోంచి వచ్చిన జనమంతా బ్రిడ్జి ఎక్కాలి. అదే సమయానికి అవతల దిగినవాళ్లు ఇటు దిగాలి.

స్టేషన్ సూపరింటెండెంట్, సెక్షన్ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్, మేం కలిసి కూర్చుని కొన్ని విషయాలు అనుకున్నాం. అన్నిటికంటే పెద్దది ఇది: పొద్దున పట్నం పోయే ప్యాసింజర్‌ను వీలైనంతవరకు ఒకటో ప్లాట్‌ఫారం మీదికే తీసుకోవడం. ఎక్కేవాళ్లు ఎక్కువగా ఊరి వైపు నుంచి వస్తారు కాబట్టి ఆ ఒక్క నిర్ణయంతో మెట్ల మీద బరువు సగం దిగిపోతుంది. ఒకటో ప్లాట్‌ఫారం ఉన్న లూప్‌లోకి మెల్లగా రావడం వల్ల బండికి కొంచెం సమయం పోతుంది నిజమే, కానీ ఎలాగూ ఆగే బండి. మెయిన్ లైన్ మీద ఆగకుండా దూసుకుపోవాల్సిన బండ్ల సంగతి వేరు, వాటి జోలికి మేం పోలేదు. దీనికోసం గూడ్సును తెల్లారేలోపు కదిలించాలని, కుదరకపోతే వేరే లైనులో పెట్టాలని కంట్రోల్‌ను అడిగారు. ఒప్పుకున్నారు. అన్ని రోజులూ కుదరడం లేదు, కానీ ఎక్కువ రోజులు కుదురుతోంది.

రెండోది మైకు. వెనక స్టేషన్‌లో బండి బయల్దేరిందని తెలిసిన వెంటనే ప్లాట్‌ఫారం చెప్పేయాలి. చెప్పాక భద్రత కారణం ఉంటే తప్ప మార్చకూడదు. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే మెట్లు ఖాళీ అయ్యేదాకా బండిని కదలనివ్వకూడదు, ఆ సంగతి మైకులో గట్టిగా చెప్పాలి కూడా. "బండి ఆగే ఉంటుంది, పరిగెత్తకండి" అన్న మాటకు ఎంత బలం ఉందో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. మెట్ల మీద మనిషిని తోసేది బండి పోతుందన్న టెన్షనే. ఒకసారి చెప్పి బండి నిలపకపోతే మాత్రం మళ్లీ ఎవరూ నమ్మరు.

రికార్డు చేసిన అనౌన్స్‌మెంట్‌లో ముందు అంకె అంకెగా బండి నంబరు, తర్వాత పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, చివరికి ప్లాట్‌ఫారం. అదే మూడు భాషల్లో. రోజూ వచ్చేవాడికి కావలసింది రెండే ముక్కలు: ఎటు పోయే బండి, ఎన్నో నంబరు మీదికి. అందుకని రికార్డుకు ముందు స్టేషన్ మాస్టరే మైకు తీసుకుని "మహబూబ్‌నగర్, హైదరాబాద్ వైపు పోయే ప్యాసింజర్, ఒకటో నంబరు, ఒకటో నంబరు" అని చెప్పడం మొదలుపెట్టారు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మెట్ల లెక్క

చెరువు ఎంత నిండినా తూములోంచి పోయే నీళ్లు పోయేవే. మెట్లకూ అలాంటి హద్దు ఒకటి ఉంది, దాన్ని అంకెల్లో చెప్పొచ్చు. లండన్ అండర్‌గ్రౌండ్ స్టేషన్ ప్లానింగ్ ప్రమాణాల్లో మెట్లకు మీటరు వెడల్పుకు నిమిషానికి, రెండు వైపులా నడిస్తే 28 మంది, ఒకే వైపు నడిస్తే 35 మంది అని లెక్క. 3 మీటర్ల మెట్లు అనుకుందాం. రెండు వైపులా అయితే నిమిషానికి 84 మంది. 400 మంది దాటాలంటే దాదాపు 5 నిమిషాలు. అదే జనం ఒకే వైపు నడిస్తే నిమిషానికి 105 మంది, అంటే 4 నిమిషాలలోపే అయిపోతుంది. బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. తేడా ఎక్కడ వస్తోందో ఇక్కడే తెలిసిపోతుంది.

పైగా ఆ అంకెలు చేతిలో చిన్న బ్యాగు పట్టుకుని రోజూ అదే దారిలో నడిచే నగర ఉద్యోగుల నడకకు కట్టినవి. నెత్తిన మూట, చంకలో బిడ్డ, చేతిలో గంప ఉన్నవాళ్లకు అంత వేగం రాదు. నేను మా స్టేషన్లకు ఈ లెక్క ఎప్పుడూ తగ్గించే వాడతాను.

మెట్ల మీద మూట అంటే నాకు భయం. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో 18 మంది చనిపోయారు. ఒక ప్రయాణికుడి నెత్తి మీది పెద్ద మూట జారిపడటంతో ఆ తోపిడి మెట్ల మీదికి పాకి జనం పడిపోయారని రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు. 2017 సెప్టెంబర్ 29న ముంబై ఎల్ఫిన్‌స్టోన్ రోడ్ స్టేషన్ బ్రిడ్జి మీద 23 మంది పోయారు. అప్పుడు వాన. తడవకుండా బ్రిడ్జి మీదే ఆగినవాళ్లు, కింది నుంచి ఎక్కుతున్నవాళ్లు మెట్ల దగ్గర ఇరుక్కున్నారు. చదరపు మీటరుకు 7 మంది దాకా చేరితే ఎవరి కాళ్లు వాళ్ల స్వాధీనంలో ఉండవని జనసమ్మర్దం మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ ఇంజనీర్ జాన్ ఫ్రూయిన్ చెప్పారు. అక్కడిదాకా వచ్చాక ఎవరు ఎంత అరిచినా లాభం లేదు. ఏం చేసినా అంతకుముందే చేయాలి.

మెట్ల మధ్యలో రెయిలింగ్ పెట్టి ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను విడదీద్దామని సలహా వచ్చింది. పెద్ద స్టేషన్‌లో, రోజంతా రెండు వైపులా సమానంగా నడిచే చోట అది బాగానే పనిచేస్తుంది. మా దగ్గర ఒక్కో నిమిషంలో దాదాపు అందరూ ఒకే వైపు వస్తారు. శాశ్వతంగా సగం సగం చేస్తే ఒక సగం కిక్కిరిసి, ఇంకో సగం ఖాళీగా ఉంటుంది. మూటలు రెయిలింగ్‌కు తగిలి ఇరుక్కుంటాయి. నేను వద్దన్నాను.

దాని బదులు వంతులు పెట్టాం. క్రాసింగ్‌లో రెండు బండ్లు ఒకే క్షణంలో రావు. మొదటిది వచ్చి నిలిచాక రెండోది కొన్ని నిమిషాల తర్వాత వస్తుంది. ఆ ఖాళీ సమయం చేతిలో ఉన్నా దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. అవతలి ప్లాట్‌ఫారం మీద మొదటి బండి నిలవగానే ఇటువైపు మెట్ల దగ్గర ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కానిస్టేబుల్ ఒకరు, స్టేషన్ సిబ్బంది ఒకరు తాడు పట్టుకుని నిలబడతారు. దిగేవాళ్లు మొత్తం దిగిపోయేదాకా ఎక్కేవాళ్లు కిందే ఆగుతారు. ఆ తర్వాత తాడు తీస్తారు.

ఇందులో ఒక్క నియమం మాత్రం ఎవరూ తప్పకూడదని రాసిపెట్టాం. జనాన్ని ఆపితే నేల మీదే ఆపాలి. మెట్ల మధ్యలో, బ్రిడ్జి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. వెనక ఉన్నవాళ్లకు ముందు ఏం జరుగుతుందో కనిపించదు, వాళ్లు తోస్తూనే ఉంటారు. నేల మీద తోపులాట జరిగితే నలుగురు తిట్టుకుంటారు. మెట్ల మీద జరిగితే మనుషులు పడిపోతారు. తాడు కూడా మొదటి మెట్టును ఆనుకుని కాకుండా కాస్త వెనక్కి పట్టుకోమన్నాం, దిగొచ్చేవాళ్లు పక్కకు తిరిగి బయటికి పోవడానికి జాగా ఉండాలి కదా.

మొదట్లో కుర్రవాళ్లు తాడు కిందుగా దూరి పోయేవాళ్లు. ఆ కానిస్టేబుల్ కేకలు వేసే రకం కాదు. "తమ్మీ, నీ బండి ఇంకా రాలేదు, నేను చెప్తా కదా" అని రోజూ అదే మాట అదే గొంతుతో చెప్పేవాడు. కొన్నాళ్లకు కుర్రవాళ్లే కొత్తవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. ఈ పనిలో మనిషి స్వభావం ఎంత లెక్కకొస్తుందో ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

బండి ఎక్కడ ఆగాలి

ప్యాసింజర్ బండి ప్లాట్‌ఫారం కంటే పొట్టిది. కాబట్టి ముందుకు ఆపొచ్చు, వెనక్కి ఆపొచ్చు. అంతకుముందు ఆగే చోటును బట్టి బ్రిడ్జి మెట్లు చివరి బోగీ దగ్గర పడేవి. మెట్లు దిగినవాళ్లు అందరూ ఆ ఒక్క బోగీకే ఎగబడేవాళ్లు, ముందు బోగీలు ఖాళీగా పోయేవి. బండి ఆగాల్సిన బోర్డును జరిపి, మెట్లు బండి నడుముకు ఎదురుగా వచ్చేలా చేయమని అడిగాం. సిగ్నల్‌కు, లైన్లు కలిసే హద్దుకు లోపలే బండి మొత్తం నిలవాలి కాబట్టి మేం అడిగినంత జరగలేదు. జరిగినంతవరకైనా దిగిన జనం రెండు పాయలుగా చీలారు.

ఎక్స్‌ప్రెస్‌ల సంగతి వేరు. వాటిలో జనరల్ బోగీలు ముందూ వెనకా ఉంటాయి, మన జనం ఎక్కేది అవే. అక్కడ బోర్డు జరిపి లాభం లేదు, బోగీ ఎక్కడ పడుతుందో ముందే చెప్పడమే దారి.

బయట

స్టేషన్ బయట సమస్య లోపలి సమస్యకు తోక. బుకింగ్ క్యూ గేటుకు అడ్డంగా ఉండేది. గోడ వెంట తిప్పితే దారి తెరుచుకుంది. క్యూఆర్ కోడ్‌తో మొబైల్‌లో టికెట్ తీసుకోవచ్చని గేటు దగ్గర తెలుగులో పెద్ద బోర్డు పెట్టించాం. విద్యార్థులు వెంటనే అలవాటు పడ్డారు, పెద్దవాళ్లు కౌంటరే నయమంటారు.

బస్సుల దగ్గర మాత్రం ఒక విషయం మేం ఊహించనిది. బస్సు వచ్చి నిలబడ్డా కొంతమంది ఎక్కకుండా అక్కడే ఉండేవాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం కదా. అది వర్తించని బస్సు ముందు నిలబడితే వాళ్లు తర్వాతి దానికోసం ఆగుతారు. సబబైన నిర్ణయమే. కానీ ఆగేది సరిగ్గా గేటు ముందు. డిపో వాళ్లతో మాట్లాడితే రెండు మార్పులు చేశారు. రైలు దిగే సమయానికి గేటుకు దగ్గర బేలో పల్లెవెలుగు ఉండేలా, అది కాస్త ఆలస్యంగా బయల్దేరేలా. రైలు ఆలస్యమైతే స్టేషన్ మాస్టర్ నుంచి బస్సుల కంట్రోలర్‌కు ఒక ఫోన్. బస్సు ఉంటుందని తెలిశాక రైలు దిగినవాళ్ల ఉరుకులు తగ్గాయి. ఆ తేడా మెట్ల మీద కూడా కనిపించింది.

సీతాఫలాల గంపలు ఇప్పుడు బస్సు బేకూ గేటుకూ మధ్య, గోడ నీడలో కూర్చుంటాయి. ఎవరినీ లేపలేదు. ఎదురుచూసే జనం అటు జరిగారు, గంపలు వాళ్ల వెంట జరిగాయి.

ఇవన్నీ కుదిరాక ప్లాట్‌ఫారం చివరన కంచె వేశారు. అప్పటికి పట్టాలు దాటాల్సిన అవసరం చాలామందికి లేకుండా పోయింది, పెద్దగా గొడవ కాలేదు.

మిగిలినవి

వాన రోజుల సమస్య తీరలేదు. కప్పు ఉన్న చోటు బ్రిడ్జి కాబట్టి జనం అక్కడే నిలబడతారు, ఎల్ఫిన్‌స్టోన్ రోడ్‌లో నిలబడినట్టే. వాళ్లను అక్కడి నుంచి కదలమనాలంటే ఇంకోచోట తలదాచుకునే జాగా ఇవ్వాలి. బస్సు బే వైపు రేకుల షెడ్డు అడిగాం, ఇంకా రాలేదు. వాన పడుతున్నప్పుడు తాడు దగ్గర ఒక మనిషిని అదనంగా పెట్టి, బ్రిడ్జి మీద ఒకరిని తిప్పుతున్నారు.

ఇంకో బలహీనత సిబ్బంది బదిలీలు. ఆ కానిస్టేబుల్, ఆ స్టేషన్ మాస్టర్ మారితే పద్ధతి కూడా మారిపోవచ్చు. అందుకని వంతుల పద్ధతి, మైకులో చెప్పాల్సిన మాటలు, నేల మీదే ఆపాలన్న నియమం ఒకే పేజీలో రాసి స్టేషన్ మాస్టర్ గదిలో, ఆర్పీఎఫ్ వాళ్ల దగ్గర పెట్టించాం. కొత్తగా చార్జి తీసుకున్నవాళ్లు ఒక పొద్దున పాతవాళ్లతో కలిసి మెట్ల దగ్గర నిలబడాలని కూడా అందులో ఉంది.

డబ్లింగ్ అయిపోతే క్రాసింగులు పోతాయి, ఈ పది నిమిషాల తీరు మారిపోతుంది. రెండో బ్రిడ్జి ఎక్కడ కట్టాలో నిర్ణయించేవాళ్లు దీన్ని తప్పక చూడాలి. ఇప్పటి రద్దీని బట్టి కాకుండా రెండు లైన్లు పడ్డాక ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో దాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి. అందుకే చుక్కల పటంతో పాటు లైన్ ప్లాన్ కూడా జతచేసి ఇచ్చాం.

పండగల రోజులకు ఈ పద్ధతి సరిపోదు. రోజూ వచ్చేవాళ్లకు తాడు అలవాటైంది, జాతరకు వచ్చేవాళ్లకు స్టేషనే కొత్త. కార్తీకంలో కురుమూర్తి జాతరకు, ముఖ్యంగా ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవం నాటికి వచ్చే జనం కుటుంబాలతో వస్తారు, ఒకరు తప్పిపోతే పదిమంది ఆగిపోతారు. ఆ రోజులకు వేరే ప్లాన్ రాశాం: స్టేషన్ బయట చలువ పందిరి కింద జనాన్ని ఆపి బండి వారీగా లోపలికి వదలడం, బ్రిడ్జి పూర్తిగా ఒకే వైపు నడపడం, తప్పిపోయినవాళ్లకు మెట్లకు దూరంగా ఒక చోటు, అక్కడే ఒక మైకు. పందిరి జాగా మున్సిపాలిటీది, మనుషులు పోలీసు శాఖవి, బండ్లు రైల్వేవి. ముగ్గురినీ దసరా సెలవులకు ముందే ఒకచోట కూర్చోబెట్టమని కలెక్టర్ ఆఫీసుకు ఉత్తరం ఇచ్చాం.